ఇంటి పొట్టేలు కోత: కొట్టం నుంచి ఉప్పుకండం దాకా

మా ఊరు అనంతపురం జిల్లాలో, పెన్నకు దగ్గరగా ఉంటుంది. వాన తక్కువ, వేరుశనగ చేలు ఎక్కువ. పంట పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేవి గొర్రెలే. కనుమనాడైనా, ఉగాది మరునాడైనా, ఊరి దేవరకు, అంటే గ్రామదేవత జాతరకు, చుట్టాలు దిగినా, ఇంట్లో పెరిగిన పొట్టేలునే ఇంటి దగ్గర కోసుకోవడం మాకు తరాలుగా ఉన్న అలవాటు. తాత ఈ పని చేస్తుంటే పక్కన నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ చెంబు నా కొడుకు పట్టుకుంటున్నాడు.

కొన్నేళ్లుగా చూస్తున్నాను. చాలామంది పొట్టేలును బండి ఎక్కించి పట్నం తీసుకుపోయి, కోయించి, కూర ముక్కలు మాత్రం సంచిలో తెచ్చుకుంటున్నారు. తల, కాళ్లు, బోటి, నెత్తురు, తోలు అక్కడే వదిలేసి వస్తున్నారు. ఏడాదికి పైగా మేపి, తాపి, రాత్రులు నక్కల నుంచి కాపాడిన జీవాన్ని అలా సగంలో వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. ఈ పని తెలిసిన చేతులు ఊళ్లో తగ్గిపోకముందే తెలిసినంత రాసి పెట్టాలనిపించింది.

తాత చెప్పిన మాట ఒకటే: కోసేదాకా తొందర పడకూడదు, కోశాక ఆలస్యం చేయకూడదు. కింద ఉన్నదంతా ఆ మాటకు వివరణే.

ఏ పొట్టేలు

ముందుగా చట్టం సంగతి. పురపాలక పరిధిలో గుర్తింపు ఉన్న కబేళాలో తప్ప జీవాలను కోయకూడదని 2001 నాటి కబేళా నిబంధనలు చెబుతున్నాయి. చూడి గొర్రెను, మూడు నెలలు నిండని పిల్లను, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదన్నదీ వాటిలోనే ఉంది. గుడిలో, గుడి ఆవరణలో బలి ఇవ్వడాన్ని 1950 నాటి చట్టం నిషేధిస్తుంది. నేను చెప్పేది పల్లెలో, సొంత దొడ్లో, ఇంటివాళ్లు తినడానికి కోసుకునే పద్ధతి.

వయసును పళ్లు చెబుతాయి. గొర్రెకు కింది దవడలో ముందు పళ్లు ఎనిమిది ఉంటాయి. అన్నీ పాలపళ్లే అయితే ఏడాది లోపుది. నడుమ రెండు పెద్ద పళ్లు వచ్చి ఉంటే ఏడాది దాటి కొన్ని నెలలైనట్టు. కూరకు నాకు నచ్చేది ఈ రెండు పళ్ల పొట్టేలే. మాంసంలో రుచి దిగి ఉంటుంది, పీచు ఇంకా ముదరదు. నాలుగు పళ్లది ఉప్పుకండానికి, అంటే ఉప్పు పట్టించి ఎండబెట్టే మాంసానికి, బాగుంటుంది. ఎనిమిదీ మారినదాన్ని విందుకు కోస్తే చుట్టాలు నములుతూ కూర్చోవాలి. విత్తులు కొట్టించిన పొట్టేలైతే కొవ్వు కాస్త ఎక్కువ పట్టినా ముక్కలో పోతు వాసన ఉండదు.

బలం చూడటానికి కళ్లు చాలవు, బొచ్చు మోసం చేస్తుంది. నడుము మీద అరచేయి పెట్టి వెన్నుపూసలను తడమాలి. ఎముక మొనలు కత్తిలా తగిలితే ఇంకా మేపాలి. గుండ్రంగా, మెత్తటి కండ కింద తగిలితే సరిపోయినట్టు. ముప్పై కిలోలు తూగే పొట్టేలు నుంచి ఎముకతో కలిపి సుమారు పద్నాలుగు, పదిహేను కిలోల మాంసం వస్తుంది. తల, కాళ్లు, బోటి, కార్జం (కాలేయం) దానికి అదనం.

ఇక ఆరోగ్యం. ముక్కు కారుతున్నా, పేడ నీళ్లలా పారుతున్నా, ఒంటరిగా తల వంచుకుని నిలబడినా, నెమరు వేయకపోయినా ఆ పొట్టేలును కోయకండి. పశువైద్యుడికి చూపించండి. నట్టల మందు తాగించినా, ఇంజెక్షన్ చేయించినా ఎన్ని రోజుల తర్వాత కోయవచ్చో ఆ మందు ఇచ్చినవారినే అడిగి, ఆ గడువు నిండేదాకా ఆగండి.

ఇంకొకటి గట్టిగా చెబుతాను. ఉన్నట్టుండి చచ్చిపోయిన గొర్రెను ఎంత కండ ఉన్నా, ఎంత డబ్బు పోయినా తినడానికి కోయకూడదు. ముక్కు నుంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. దాన్ని కోస్తే కోసిన మనిషికే అంటుకుంటుంది. మట్టిలో కలిసిన ఆ రోగపు విత్తనం ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. తోలు కూడా ఆశించకుండా పశువైద్యశాలకు కబురు చేసి, వాళ్లు చెప్పినట్టు లోతుగా పూడ్చాలి.

ముందు రోజు

కోతకు పన్నెండు గంటల ముందు మేత ఆపాలి. నీళ్లు మాత్రం ఆపకూడదు. పొట్ట ఖాళీగా ఉంటే లోపలి పని శుభ్రంగా జరుగుతుంది, నీళ్లు తాగి ఉంటే తోలు సులువుగా ఒలుస్తుంది, నెత్తురు బాగా కారుతుంది.

గొర్రె మందలో బతికే జీవం. ఒంటరిగా కట్టేస్తే రాత్రంతా అరుస్తుంది, బెదురుతుంది. బెదిరిన జీవం కండల్లో దాచుకున్న శక్తి రాత్రికి రాత్రే ఖర్చయిపోతుంది. ఆ మాంసం నల్లగా, జిగటగా ఉండి తొందరగా చెడుతుంది. అందుకని తోడుగా మరో గొర్రెను అదే కొట్టంలో ఉంచుతాం. ఉదయం కోసే చోటి దాకా తోడు గొర్రెనే ముందు నడిపిస్తే పొట్టేలు దాని వెంట వస్తుంది. తర్వాత తోడును నెత్తురు చూడనంత దూరం తీసుకుపోవాలి. బొచ్చు పట్టుకుని లాగడం, కాళ్లు పట్టి ఈడ్చడం చేయకండి. బొచ్చు లాగిన చోటల్లా తోలు కింద నెత్తురు కమిలి, తెల్లవారి మాంసం మీద ఎర్రటి మచ్చలుగా కనిపిస్తుంది.

సాయంత్రమే సిద్ధం చేసుకోవలసినవి: గొంతుకు పొడవాటి కత్తి, తోలుకు మొన వంగిన చిన్న కత్తి, ఎముకకు మచ్చుకత్తి. మూడింటినీ సానరాయి మీద నూరి, కాగితం అంచు మీద ఆనించి చూడాలి. నొక్కకుండానే కాగితం తెగాలి. మొండి కత్తితో జీవానికి నరకం, మనిషికి ప్రమాదం. రెండు తాళ్లు, వెడల్పాటి బేసిన్లు నాలుగు, కాగే నీళ్లకు పెద్ద గుండిగ, పసుపు, రాళ్ల ఉప్పు, కొద్దిగా సున్నం. ముక్కలు కొట్టడానికి చింతమొద్దు. చింత చెక్క గట్టిది, పొట్టు లేవదు. మాంసం పరచడానికి కడప బండ. మా వైపు ఇళ్లలో వంటగట్టుకో, అరుగుకో ఆ నల్లబండ ఉండనే ఉంటుంది. చల్లగా ఉంటుంది, నెత్తురు పీల్చుకోదు. దాన్ని వేడినీళ్లతో, సబ్బుతో కడగండి. నిమ్మకాయ రుద్దవద్దు, అది సున్నపురాయి కాబట్టి పులుపు తగిలితే మెరుగు పోతుంది.

బావికి, బోరుకు దూరంగా మూడడుగుల లోతు గుంట కూడా ముందు రోజే తవ్వాలి. కుక్కలను కట్టేయాలి.

వేసవిలో పని తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెడతాం. మే నెలలో మా దగ్గర ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఎండెక్కాక మాంసం ఒక్కో గంటా చెడుకు దగ్గరవుతుంది, ఈగలూ చుట్టుముడతాయి. సంక్రాంతి చలిలో అయితే తెల్లగా వెలుగు వచ్చాక మొదలుపెట్టినా ఫరవాలేదు.

కోత

మా ఇంట్లో గొంతు కోసేది మేము కాదు. ఊళ్లోని ముస్లిం పెద్దాయన వచ్చి తన మంత్రం చదివి కోస్తాడు. తాత కాలంలో ఆయన తండ్రి వచ్చేవాడు. మా ఇంటి విందుకు ఊళ్లో అన్ని ఇళ్లవాళ్లూ వస్తారు, అందరూ తినగలగాలి కదా అన్నది తాత లెక్క. ఆయనకు ఇంత మాంసం ఇచ్చి, టీ తాగించి పంపుతాం. ఎవరు కోసినా మొదటి పొట్టేలును మాత్రం అనుభవం ఉన్న మనిషి పక్కన లేకుండా కోయకండి. రాసినది చదివి చేయదగిన పని కాదు ఈ ఒక్క భాగం.

పొట్టేలును ఎడమ పక్కకు నెమ్మదిగా పడుకోబెట్టాలి. ఒకరు కాళ్లు, ఒకరు తల పట్టుకుంటారు. కళ్ల మీద అరచేయి వేస్తే సద్దుమణుగుతుంది. దవడ కిందుగా, గొంతుకు అడ్డంగా, ఆగకుండా ఒకే లాగులో శ్వాసనాళం, ఆహారనాళం, రెండు వైపుల పెద్ద నెత్తురు నాళాలు తెగాలి. వెన్నెముక దాకా పోకూడదు. కొన్ని క్షణాల్లో స్పృహ పోతుంది. తర్వాత కాళ్లు కొట్టుకోవడం కండరాల అదురే. నెత్తురు ధార సన్నబడి, కంటిపాపను తాకినా రెప్ప కదలని స్థితి వచ్చేదాకా కనీసం అయిదు నిమిషాలు కత్తి మరో చోట పెట్టకూడదు. ఈ అయిదు నిమిషాలూ మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. తాత పెట్టిన నియమం అది, నేనూ మార్చలేదు.

నెత్తురు కావాలనుకునే ఇంట్లో శుభ్రమైన బేసినులో పిడికెడు ఉప్పు వేసి, మొదటి ధార కింద పెట్టాలి. లీటరుకు కాస్త అటూఇటూ వస్తుంది. కదపకుండా ఉంచితే గడ్డకడుతుంది. దాన్ని ముక్కలుగా కోసి, మరిగే నీళ్లలో లోపలి ఎరుపు పోయేదాకా ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో వేయించుకుంటారు. హలాల్ పాటించేవారు దీన్ని ముట్టరు. అందుకే దీనికి గిన్నె, గరిటె వేరుగా ఉంచండి.

తోలు

ఇక్కడి నుంచి చేతులు వేగంగా కదలాలి. గొంతు తెగిన అరగంట లోపు పొట్ట బయటికి రావాలి. లేకపోతే లోపలి వేడికి పొట్ట ఉబ్బి, ఆ వాసన మాంసానికి పడుతుంది.

ముందుగా తల వేరు చేసి, ముందు కాళ్లను మోకాలి కీలు దగ్గర, వెనక కాళ్లను మడమ కీలుకు కిందుగా కోసి పక్కన పెట్టాలి. వీటి తోలు తీయకూడదు, తర్వాత కాల్చాలి. వెనక కాలి మడమ మీద ఎముకకూ లావు నరానికీ మధ్య సందు ఉంటుంది. రెండు కాళ్ల సందుల్లోంచి గట్టి కర్ర దూర్చి, వేపకొమ్మకు తలకిందులుగా వేలాడదీయాలి. మెడ నేలకు రెండడుగుల ఎత్తున ఉంటే పని తేలిక.

ఊళ్లలో కొందరు కాలి దగ్గర చిన్న గాటు పెట్టి, నోటితో గాలి ఊది తోలు ఉబ్బిస్తారు. తోలు తేలిగ్గా వస్తుందన్న మాట నిజమే, కానీ నోటి తుంపరలు కూడా మాంసంలోకే పోతాయి. ఇది మానేయాలి. గాలి అవసరమే లేదు. తొడల లోపలి వైపు తోలును కత్తితో చీల్చి, అంచు కాస్త లేచాక కత్తి పక్కన పెట్టేయండి. ఎడమ చేత్తో తోలును లాగుతూ, కుడి పిడికిలిని తోలుకూ కండకూ మధ్య దూర్చి నొక్కుకుంటూ కిందికి దిగండి. వెచ్చగా ఉన్న తోలు చొక్కా విప్పినట్టు వచ్చేస్తుంది. కత్తి వాడితే తోలుకు చిల్లులు, మాంసానికి గాట్లు. బొచ్చును తాకిన చేయి మాంసాన్ని తాకకూడదు. అందుకే చెంబు పట్టుకునే పిల్లవాడు పక్కనే ఉండాలి, తాకినప్పుడల్లా కడుక్కోవాలి.

ఒలిచిన తోలును నీడలో నేల మీద పరచి, లోపలి వైపు రాళ్ల ఉప్పు చల్లి రుద్దాలి. రెండున్నర కిలోల తోలుకు కిలో ఉప్పు పడుతుంది. ఎండలో పడేస్తే పైన ఎండి లోపల కుళ్లుతుంది, కొనేవాడు రాడు.

పొట్ట తీయడం

మెడ దగ్గర ఆహారనాళాన్ని శ్వాసనాళం నుంచి వేలితో వేరుచేసి దారంతో గట్టిగా ముడి వేయాలి. వెనక మలద్వారం చుట్టూ గుండ్రంగా కోసి, కాస్త బయటికి లాగి దాన్నీ కట్టేయాలి. ఈ రెండు ముళ్లూ వేస్తే పొట్టలోది ఏదీ మాంసం మీద పడదు. అయిదు నిమిషాల పనికి బద్ధకించి తర్వాత గంట సేపు బాధపడేవాళ్లను చూశాను.

తొడల నడుమ నుంచి పొట్ట చీల్చడం మొదలుపెట్టాలి. ఎడమ చేతి రెండు వేళ్లను లోపల పెట్టి పొరను ముందుకు ఎత్తి పట్టి, కత్తి అంచు బయటివైపు ఉండేలా ఆ వేళ్ల మధ్య నుంచి కిందికి దింపాలి. మొన లోపలికి తిరిగితే పేగు తెగుతుంది. బేసిను కింద పెట్టుకుని పొట్ట, పేగులు బరువుతో జారుతుంటే చేత్తో ఆపుకుంటూ దింపాలి. మూత్రం తిత్తిని పైన నొక్కి పట్టి కోసేయాలి. ఒకవేళ పేడ చుక్క మాంసం మీద పడితే నీళ్లు పోయకండి, గుడ్డతో తుడవకండి. రెండూ దాన్ని నాలుగు వైపులా పూస్తాయి. పడిన చోట అంగుళం మేర మాంసాన్ని కత్తితో చెక్కి పారేయడమే దారి.

కార్జం తీసేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. దాని మీద ఆకుపచ్చగా, చిన్న వంకాయంత సంచి అంటుకుని ఉంటుంది, అదే చేదు. నా ఇరవై ఏళ్లప్పుడు దాన్ని వేళ్లతో పీకబోయి పగలగొట్టాను. కార్జమంతా విషంలా అయిపోయింది. ఎంత కడిగినా పోలేదు. ఆ రోజు తాత ఏమీ అనలేదు గానీ, చేదు మీద ఉన్న కార్జాన్ని వేలి వెడల్పున దాంతోనే కలిపి కోసేయాలని మరునాడు పిలిచి చూపించాడు. కాస్త కార్జం పోతుంది, మిగతాది దక్కుతుంది.

కార్జాన్ని, ఊపిరితిత్తులను వెలుతురులో తిప్పి చూడండి. కార్జం ముదురు ఎరుపులో, నునుపుగా, అంచులు పలచగా ఉండాలి. నాళాలు గట్టిపడి, కోస్తే ఆకుల్లాంటి చదును పురుగులు కనిపిస్తే అవి కార్జపు జలగలు, ఆ కార్జం పనికిరాదు. తెల్లటి నీటి బుడగలు ఉంటే మరింత జాగ్రత్త. ఆ బుడగల్లో బద్దెపురుగు పిల్లలు ఉంటాయి. కుక్క తింటే దాని పేగుల్లో పెరుగుతాయి, దాని మలం నుంచి గుడ్లు మనుషులకు, ముఖ్యంగా పిల్లలకు చేరి, వాళ్ల కార్జంలో అవే బుడగలు కడతాయి. అలాంటి భాగాన్ని పగలగొట్టకుండా కాల్చాలి, లేదా గుంటలో అడుగున వేసి పూడ్చాలి. కుక్కకు జాలిపడి విసరడం ఇక్కడ పెద్ద తప్పు.

బోటి

ఇంట్లో ఆడవాళ్లకే వదిలేసే పని ఇది. అందరికంటే ఎక్కువ ఓపిక కావలసిన పని కూడా ఇదే. మా అవ్వ చేతి బోటి తిన్నవాళ్లు మరోచోట తినేవాళ్లు కాదు. ఆమె దగ్గర నేర్చుకున్నది ఇది.

పెద్దపొట్టను గుంట దగ్గరికి తీసుకుపోయి చీల్చి, లోపలిదంతా పేడదిబ్బలో కుమ్మరించాలి, అది మంచి ఎరువు. చల్లటి నీళ్లలో మూడుసార్లు కడగాలి. తర్వాత వేడినీళ్లలో ముంచాలి. ఇక్కడే తప్పు జరుగుతుంది. మరిగే నీళ్లలో వేస్తే లోపలి నల్లపొర బిగుసుకుని ఎంత గీరినా రాదు. చేయి పెట్టి వెంటనే తీసేయాలనిపించేంత వేడి చాలు, మరగకూడదు. కాసేపు తిప్పి, అంచు దగ్గర గోటితో గీకి చూడండి. పొర తొక్కలా లేస్తే బయటికి తీసి, కొద్దిగా తడిసున్నం రాసి, కత్తి వెనక వైపుతో గీరండి. కింద మీగడ రంగు కనిపిస్తుంది. సున్నం ఆనవాలు పోయేదాకా నాలుగైదు సార్లు కడగాలి.

తేనెపట్టులా గళ్లు ఉండే చిన్నపొట్టను కూడా ఇలాగే చేయాలి. పుస్తకంలా పుటలు పుటలుగా ఉండే పొట్టకు ఒక్కో పుటనూ విడదీసి కడగక తప్పదు. ఆ ఓపిక లేకపోతే దాన్ని వదిలేయండి, సగం కడిగినది వేసి కూరంతా పాడు చేయవద్దు.

పేగులకు ముందుగా కొవ్వు లాగి, మూరెడు ముక్కలుగా కోసి, చెంబుతో నీళ్లు లోపలికి పోసి కడగాలి. తర్వాత సన్నటి జొన్నదంటును ఒక కొసకు ఆనించి, పేగును దాని మీదుగా లోపలిది బయటికి తిరగేయాలి. రాళ్ల ఉప్పు, పసుపు వేసి చేతులతో రుద్ది కడిగితే జిగట పోతుంది. చివరగా బోటి మొత్తాన్ని పసుపు నీళ్లలో ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్లు పారబోయాలి. అవ్వ దీన్ని అదే రోజు శనగపప్పుతో వండేది. బోటి మరునాటికి ఆగదు.

తలకాయ, కాళ్లు

ఎండిన జొన్నచొప్ప, వేరుశనగ పొట్టు, కట్టెలు, లేదంటే గ్యాసు మంట. వీటిలో దేనితోనైనా కాల్చండి. పాత టైర్లతో, ప్లాస్టిక్‌తో కాల్చడం అక్కడక్కడా కనిపిస్తోంది. ఆ నల్లపొగలోని విషం తోలుకు పట్టి తిన్నవాళ్ల ఒంట్లోకి పోతుంది. అలా కాల్చిన తలకాయను ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

బొచ్చు మాడాక వేడినీళ్లు చల్లి కత్తితో గీరాలి, మళ్లీ కాల్చి మళ్లీ గీరాలి. తోలు బంగారు రంగుకు వచ్చేదాకా ఇంతే. గిట్టలు వేడిగా ఉండగానే మచ్చుకత్తి మొనతో మెలితిప్పితే ఊడి వస్తాయి. పసుపు రుద్ది కడగాలి. తలను నిలువునా రెండుగా పగలగొట్టి, మెదడును చెదరకుండా తీయాలి. ముక్కు లోపలి గదుల్లో తెల్లటి పురుగులు కనిపించవచ్చు. ఈగ జాతి ఒకటి బతికున్న గొర్రె ముక్కులో పెట్టిన పిల్లలు అవి. ఆ లోపలి పొరనంతా గీరేసి, ధారగా నీళ్లు పోసి కడిగితే సరిపోతుంది.

ముక్కలు, పాళ్లు

వేలాడుతున్న మాంసాన్ని బాగా కడగాలని అందరికీ తోస్తుంది. నేను కడగను. తడి మాంసం తొందరగా చెడుతుంది. వెంట్రుకలు ఉంటే ఏరి, నెత్తురు చారలను శుభ్రమైన గుడ్డతో అద్ది, గాలి తగిలే నీడలో కాసేపు ఆరనిస్తాను. వండే ముందు ఎవరి ఇంట్లో వాళ్లు ఎలాగూ కడుగుతారు.

ముందు కాలి జబ్బకు ఒంటితో ఎముక కీలు లేదు, కండతోనే అంటుకుని ఉంటుంది. కాలిని పక్కకు లాగి పట్టి లోపలి వైపు కత్తి ఆడిస్తే జబ్బ మొత్తంగా ఊడి వస్తుంది. తర్వాత వెన్ను వెంట నిలువునా రెండుగా చీల్చాలి. పక్కటెముకలు ఒక్కో వైపు పదమూడు. వాటిని రెండేసి చొప్పున విడదీస్తాను. మెడ, పక్కలు, జబ్బలు పులుసుకు. నడుము వేపుడుకు. తొడల్లో ఒకటి కూరకు, రెండోది ఉప్పుకండానికి తీసి పెట్టడం మా ఇంటి పద్ధతి. ఎముక కొట్టేటప్పుడు ఒక్క దెబ్బకు తెగాలి. రెండు మూడు దెబ్బలు పడితే పెంకులు రాలి పిల్లల గొంతుకు అడ్డం పడతాయి.

కోసిన గంట రెండు గంటల్లో వండితే ముక్క మెత్తగా ఉడుకుతుంది. ఆ తర్వాత కండ బిగుసుకుంటుంది, అప్పుడు పొయ్యి మీద ఎంత సేపు ఉంచినా సాగుతుంది. విందు మరునాటికి అయితే ముక్కలను ఫ్రిజ్‌లో పెట్టి బిగువు సడలనివ్వడం మేలు.

నలుగురు కలిసి కొన్న పొట్టేలైతే పాళ్లు వేయాలి. తూకం ఉన్నా మా ఊళ్లో ఇప్పటికీ చేతి లెక్కే. అరిటాకుల మీద కుప్పలు వేసి, ప్రతి కుప్పలో తొడ ముక్క, పక్కటెముక, మెడ, కార్జం, కొవ్వు, మూలుగ ఎముక పడేలా సర్దుతారు. కుప్పలు సమానంగా ఉన్నాయని అందరూ ఒప్పుకున్నాక ఒక పిల్లవాణ్ని గోడవైపు తిప్పి నిలబెడతారు. పెద్దాయన ఒక కుప్ప మీద చేయి పెట్టి "ఇది ఎవరిది?" అంటాడు. పిల్లవాడు చూడకుండా ఒక పేరు చెబుతాడు. చిన్నప్పుడు నన్ను అలా నిలబెట్టినప్పుడు మా నాన్న పేరు ఎప్పుడు చెప్పాలా అని గుండె కొట్టుకునేది. పంపకంలో గొడవ వచ్చిందన్న మాట ఇన్నేళ్లలో నేను వినలేదు.

ఉప్పుకండం

ఫ్రిజ్‌లు రాకముందు మిగిలిన మాంసాన్ని నెలల తరబడి నిలిపినది మా ఎండే. మార్చి నుంచి మే దాకా ఇక్కడి గాలిలో తేమ ఉండదు. తొలకరి ముసురులో, మబ్బు పట్టిన రోజుల్లో దీనికి పూనుకోవద్దు.

తొడ కండనే తీసుకోవాలి. కొవ్వును, తెల్లటి పొరలను గోరంత కూడా మిగల్చకుండా తీసేయాలి. ఉప్పు కండను కాపాడుతుంది గానీ కొవ్వును కాపాడదు, అది ముక్కిపోయి జాడీ అంతా వాసన పట్టిస్తుంది. పీచు వెంట, చిటికెన వేలి మందాన, జానెడు పొడవున కోయాలి. అడ్డంగా కోస్తే ఎండాక పొడిపొడి అవుతుంది. మందంగా కోస్తే పైన ఎండి లోపల కుళ్లుతుంది. అనుమానం వస్తే ఇంకాస్త సన్నగానే కోయండి.

కిలో కండకు దంచిన రాళ్ల ఉప్పు అరవై గ్రాములు, పసుపు ఒక చెంచా, కారం రెండు చెంచాలు. అల్లం వెల్లుల్లి ముద్ద కూడా పట్టించేవారున్నారు. ఆ తడి ఎండటానికి ఒక రోజు అదనంగా తీసుకుంటుంది కాబట్టి నేను దాన్ని వేయించేటప్పుడే వేస్తాను. ఉప్పు ప్రతి ముక్కకూ పట్టేలా రుద్ది, మూతపెట్టి రాత్రంతా చల్లటి చోట, ఫ్రిజ్ ఉంటే అందులో ఉంచండి. తెల్లవారేసరికి నీరు ఊరుతుంది. ఆ నీరు పారబోసి, ముక్కలను పిండి, దబ్బనంతో పురికొసకు గుచ్చాలి. ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు సందు ఉండాలి, తాకిన చోట ఎండదు.

మిద్దె మీద దండెం కట్టి, మనిషి ఎత్తు దాటేలా వేలాడదీయాలి. ఈగలు వాలకుండా పలుచటి నూలుగుడ్డను గుడారంలా కప్పాలి. కాకుల కోసం ఒకరు నీడలో కూర్చుని కాపలా కాయాలి. మా ఇంట్లో అది పిల్లల పని, సెలవుల్లో వాళ్లకు వేరే పని ఉండదు. మొదటి రోజే అన్నిటికంటే ముఖ్యం. ఆ సాయంత్రానికి ముక్క పైభాగం చేతికి అంటకుండా ఎండి ఉండాలి. పొద్దు వాలకముందే దించి ఇంట్లోకి తేవాలి. అలా మూడు రోజులు, మందం ఉంటే నాలుగు.

ఎండినదని ఎలా తెలుస్తుంది? ముక్కను వంచితే చిట్లాలి, విరిచిన చోట లోపల తడి ఎరుపు ఉండకూడదు. కిలో పచ్చి కండ మూడు వందల నుంచి మూడు వందల యాభై గ్రాములకు దిగాలి. అంతకంటే ఎక్కువ తూగితే ఇంకో ఎండ చూపించండి.

తడి లేని జాడీలో వేసి గుడ్డ బిగించాలి. పదిహేను రోజులకొకసారి తీసి గంట సేపు ఎండలో పెట్టాలి. పైన తెల్లగా కనిపిస్తే కంగారు పడకుండా తడివేలితో రుద్దండి. కరిగిపోతే ఉప్పు. నూగులా లేచి ముక్కిన వాసన వస్తే బూజు, ఆ జాడీలోది మొత్తం పారేయాలి. బాగున్నవి ఏరుకోవడం కుదరదు.

వండే రోజు కావలసినన్ని ముక్కలు తీసి, గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, ఉప్పు దిగాక పిండాలి. ముక్క మెత్తబడేదాకా కొత్త నీళ్లలో ఉడికించి, రోట్లో వేసి పీచు విడేలా దంచాలి. వేరుశనగ నూనె కాగాక ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు వేసి, ఆ పీచును సన్నటి మంట మీద అంచులు కరకరలాడేదాకా వేయించాలి. వేరే ఉప్పు వేయకండి. పక్కన వేడి రాగి సంగటి, నడుమ గుంట చేసి పోసిన నెయ్యి ఉంటే చాలు.